మోటుపల్లి – కొండవీడు – పలనాడు వర్తక మార్గం: శాసనం చెప్పినదీ, ఎద్దు మోసినదీ

వ్యాస సంగ్రహం:

మోటుపల్లి రేవు చరిత్రను తెలుగు చరిత్రకారులు ప్రధానంగా సముద్ర వర్తక చరిత్రగా అధ్యయనం చేశారు. ఆ రేవు నుండి కొండవీడు మీదుగా పలనాటికి, అక్కడి నుండి కృష్ణ దాటి తెలంగాణానికి సాగిన నేల మార్గం, దానిపై నడిచిన మోతగాళ్ళు ఆ అధ్యయనాల్లో అంచున మిగిలారు. శాసనాలు, కావ్య ప్రస్తావనలు, యాత్రికుల రాతలు, వలస పాలన నాటి విధానాలు, తెలుగులో నిలిచిన మోతపదాలు ఆధారంగా ఆ మార్గాన్నీ, దానిపై బ్రతికిన సముదాయాలకు 19, 20 శతాబ్దాలలో పట్టిన గతినీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: మోటుపల్లి, అభయశాసనం, కొండవీడు, పెరిక, కంట్లం, ఉప్పు వర్తకం, ప్రత్తి, ఎరుకలు, లంబాడీలు, స్టూవర్టుపురం.

ప్రస్తావన

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లి నేడొక చిన్న తీరగ్రామం. అక్కడి వీరభద్రాలయంలోని స్తంభం మీద కాకతి గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అనగా సామాన్య శకం 1244-45లో వేయించిన శాసనం ఉంది. ఆంధ్రదేశ చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికీ అది అభయశాసనంగా పరిచితమే. హుల్ట్‌జ్ దానిని ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో పరిష్కరించి ప్రకటించిన నాటి నుండి కాకతీయుల ఆర్థికనీతిని గురించి రాసిన ప్రతి గ్రంథంలోనూ అది ఉదాహృతమవుతూనే ఉంది. ఇంతగా ఉదాహృతమైన శాసనం విషయంలోనూ అడగవలసిన ఒక ప్రశ్న మిగిలింది. ఓడ నుండి దిగిన సరుకు ఇసుకతిన్నెల మీదనే ఉండిపోదు. దానిని ఎవరు, ఏ దారిన, ఏ ఋతువులో, ఏ పశువుల మీద లోపలికి తీసుకుపోయారు? ఓడకు ఎగుమతి సరుకును ఎవరు తెచ్చారు?

రేవును అధ్యయనం చేసినంత శ్రద్ధగా దారిని అధ్యయనం చేయకపోవడానికి కారణం ఊహించరానిది కాదు. రేవుకు శాసనం ఉంది. దారికి లేదు. రాతిని నమ్ముకొన్న చరిత్ర రచన రాయి ఉన్నచోటనే ఆగింది.

శాసనంలోని సముద్రం

అభయశాసనం సారాంశం ఇది. ఒక దేశం నుండి మరొక దేశానికి బయలుదేరిన ఓడలు తుపాను తాకిడికి పగిలి ఒడ్డుకు కొట్టుకొనివస్తే, పూర్వపు రాజులు వాటిలోని బంగారం, ఏనుగులు, గుఱ్ఱాలు, రత్నాలు మొదలైన సర్వస్వాన్ని బలవంతంగా తీసుకొనేవారు. ప్రాణం కంటె ధనమే ఎక్కువని తలచి సముద్రయానమనే మహాసాహసానికి పూనుకొన్న వర్తకుల పట్ల దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నియత సుంకం తప్ప తక్కినదంతా వారికే విడిచిపెడుతున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతును సుంకంగా నిర్ణయించాడు. తరువాత సరుకుల వారీగా రేట్లున్నాయి. శ్రీగంధం, కర్పూరం, చీని కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు ఆ పట్టికలో కనిపిస్తాయి.

ఈ పట్టికను నేటి గుంటూరు సీమవాసి చదివితే వెంటనే ఒక లోటు స్ఫురిస్తుంది. మిరియాలున్నాయి, మిరప లేదు. ఉండే అవకాశమూ లేదు. మిరప అమెరికా ఖండం నుండి పోర్చుగీసుల ద్వారా 16వ శతాబ్దిలో మన దేశానికి వచ్చిన పంట. తెలుగువారు ఆ కొత్త కాయకు మిరియం పేరునే సాగదీసి పెట్టుకొన్నారు. ఈనాడు గుంటూరు పేరును ప్రపంచ విపణిలో నిలిపిన సరుకు, గుంటూరు తీరపు అత్యంత ప్రసిద్ధ సుంకపు పట్టికలో చోటు లేని సరుకు కావడం గమనార్హం. ఒక ప్రాంతానికి దాని నేటి పంటనే సనాతనమైన గుర్తుగా భావించే అలవాటుకు ఇది మంచి విరుగుడు.

గణపతిదేవుడి కాలానికి ఈ తీరం కాకతీయుల చేతికి రావడం వెనుక వెలనాటి రాజకీయం ఉంది. చందవోలు రాజధానిగా ఏలిన వెలనాటి చోడుల బలం క్షీణించాక గణపతిదేవుడు తీరాంధ్రం మీద పట్టు సాధించాడు. దివిసీమ అయ్య వంశానికి చెందిన జాయపను గజసాహిణిగా నియమించుకొని, అతని సోదరీమణులు నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. నృత్తరత్నావళి కర్తగా సాహిత్య విద్యార్థులకు తెలిసిన జాయప చేబ్రోలులో అధికారం నెరపినవాడు. ఓరుగల్లు సముద్రానికి చాలా దూరం. సముద్ర వర్తకంపై ఆసక్తి చూపిన ఆ రాజు రేవుకు, రాజధానికి నడుమ ఉన్న నేలను ముందుగా తన అధీనంలోనికి తెచ్చుకొనక తప్పలేదు. మోటుపల్లి శాసనం వెనుక ఈ నేల ఉంది. శాసనపాఠంలో మాత్రం లేదు.

వెనిస్ యాత్రికుడు మార్కో పోలో 13వ శతాబ్ది చివరి దశకంలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని పేర్కొన్నాడు. రేవు పేరే అతనికి రాజ్యం పేరయింది. ఒక రాణి ఏలుబడిని, వజ్రాలను, సాలెగూడు వంటి సన్నని బట్టలను అతడు వర్ణించాడు. ఆ బట్టలూ, వజ్రాలూ రేవులో పుట్టినవి కావు. నడిచి వచ్చినవి.

రెడ్డిరాజుల కాలంలో ఈ దారి తొలిసారిగా స్పష్టమైన ఆకృతి దాల్చుతుంది. ప్రోలయ వేమారెడ్డి రాజధాని అద్దంకి. అతని కుమారుడు అనపోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. ఆ అనపోతారెడ్డే 1358లో మోటుపల్లి వర్తకులకు మరల అభయమిస్తూ శాసనం వేయించాడు. వచ్చి స్థిరపడే విదేశీ వర్తకులను ఆదరిస్తామని, వెళ్ళదలచినవారిని ఆపబోమని, సంతానం లేక మరణించిన వర్తకుని ఆస్తిని స్వాధీనపరచుకొనే అపుత్రిక సుంకాన్ని విడిచిపెడుతున్నామని అందులోని హామీలు. సంస్కృతాంధ్రాలతో పాటు తమిళంలోనూ ఆ ప్రకటన ఉండటం ఎవరిని ఉద్దేశించినదో చెప్పకనే చెబుతుంది. కొండవీడు సముద్రతీరానికి కొద్దిరోజుల నడక దూరం. రాజధానికీ, రేవుకూ మధ్య ఉన్నది రేగడి మైదానం ఒక్కటే. కొండవీటి అనవేమారెడ్డి శాసనం కృష్ణా మూసీ సంగమంలోని వాడపల్లిలో ఉంది. మోటుపల్లిలో ఒక కొస, వాడపల్లి రేవులో మరో కొస, నడుమ కొండవీడు. రెడ్డిరాజుల రాజ్యపటాన్ని ఈ మూడు బిందువుల మీద గీస్తే దారి దానంతట అదే కనిపిస్తుంది. నేటికీ గుంటూరు నుండి హైదరాబాదు పోయే రహదారి పొందుగుల వద్ద కృష్ణ దాటి వాడపల్లి ప్రక్కనే సాగుతుంది.

శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ఈ రాజ్యపు ఐశ్వర్యానికి సరుకు సమకూర్చిన వర్తకుడు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు అందించిన వంశం అతనిది. సింహళం ఏనుగులు, హురుమంజి గుఱ్ఱాలు, చీనా పట్టు అతని దిగుమతులుగా కావ్యం పేర్కొంటుంది. కావ్యంలో సరుకు పుట్టిన దేశం ఉంది, తెప్పించిన సెట్టి ఉన్నాడు, వాడుకొన్న రాజు ఉన్నాడు. మోసినవాడు లేడు. కావ్యధర్మం దృష్ట్యా ఇది లోపం కాదు. చరిత్రకారుడు కూడా కావ్యధర్మాన్నే పాటించడమే లోపం.

రేగడి నేల, కొండవీటి చాంతాడు

ఈ మార్గపు తీరును నిర్ణయించినవి రెండు: మట్టి, నీరు.

తీరం వెంబడి ఇసుక. దానికి పడమరగా పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేటల వరకు నల్లరేగడి. తొలకరి పడితే రేగడిలో బండిచక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. కాలు పెట్టిన మనిషి చెప్పు మట్టికి వదలక తప్పదు. ఆషాఢం నుండి కార్తికం వరకు ఈ మైదానం బండికి మూతపడినట్లే. పంట చేతికి వచ్చి, నేల ఆరి, నెఱ్ఱెలు విచ్చే పుష్యమాసం నుండి వేసవి వరకే దూరప్రయాణాలు సాధ్యం. బండి కంటె మోత ఎద్దుకు ఈ ప్రాంతంలో ప్రాధాన్యం రావడానికి ఇదొక కారణం. మోత ఎద్దుకు బాట అక్కరలేదు, వంతెన అక్కరలేదు. వాగుల్లో నీరు తగ్గితే చాలు. దారిలో మేస్తూ పోతుంది గనుక మేతకు ఖర్చు కూడా అంతంత మాత్రమే. అందుకే ఆ దారి ఒకే గీత కాదు. మేత, నీరు ఉన్నవైపుకు ఏటేటా జరిగే ఒక పట్టీ.

నీటి సంగతి భాషలోనే నిలిచి ఉంది. ఎంతకూ తెమలని జాబితాను తెలుగువారు కొండవీటి చాంతాడుతో పోలుస్తారు. కొండవీటి సీమ బావుల లోతు ఆ నుడికారానికి మూలం. రేగడి అడుగున నీరు లోతుగా ఉంటుంది, చాలా చోట్ల ఉప్పగా ఉంటుంది. ఇంకా పడమరగా పలనాటికి పోతే, జొన్నకూటినీ నీటి ఎద్దడినీ ఎత్తిపొడిచే చాటువులు శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్నాయి. వాటి కర్తృత్వం సందేహాస్పదమైనా, అవి పుట్టించిన దాహం నిజమైనదే. వేలాది ఎద్దులకు ఒక్కపూట నీరు పట్టగల చెరువు ఎక్కడ ఉంటే అక్కడే బిడారు దిగుతుంది. ఊరిచెరువు వర్తక మార్గానికి ఎంత అవసరమో, వర్తక మార్గం ఊరిచెరువుకు అంత ప్రమాదం. బిడారు దిగిపోయాక ఊరి పశువులకు మిగిలేది అడుసు.

మోతకు సంబంధించిన పదాలు తెలుగులో ఇప్పటికీ పూర్తిగా మాయలేదు. ఎద్దు వీపున రెండువైపులా వేలాడే జంటగోనె కంట్లం. సరుకు నింపిన గోనె పెరిక. మోసేది పెరికెద్దు. గుంపుగా సాగే వర్తక సమూహం బిడారు. ఒకనాటి నడక ముగిసేచోటు మజిలీ. మధ్యయుగ శాసనాల్లో సుంకాన్నీ, గుడికిచ్చే మగమనూ బండికింత, పెరికకింత అని లెక్కించిన సందర్భాలు తరచుగా ఎదురవుతాయి. ఓరుగల్లులోని మట్టెవాడ శాసనం వంటివి సరుకు సరుకునకూ వర్తకులు ఇచ్చిన దానాలను వివరిస్తాయి. ఉభయ నానాదేశి పెక్కండ్రు వంటి వర్తక శ్రేణుల పేర్లు వాటిలో సగౌరవంగా నమోదయ్యాయి. పెరిక ఒక కొలతగా నమోదయింది. పెరికను ఎత్తి ఎద్దు మీద వేసిన చేతులు కొలతలోకి రాలేదు.

ఇక్కడ జపాను నాకసెండో మార్గంతో ఒక పోలిక ఉపకరిస్తుంది. ఎడో, క్యోటో నగరాల నడుమ పర్వతాల గుండా సాగే ఆ మార్గంలో 69 మజిలీ ఊళ్ళు ఉండేవి. కిసో లోయలోని త్సుమాగో, మాగోమే ఊళ్ళ మధ్య నేటికీ వేలాదిమంది నడుస్తున్నారు. త్సుమాగో వాసులు 1960ల చివరలో తమ పాత ఇళ్ళను అమ్మబోమని, అద్దెకివ్వబోమని, పడగొట్టబోమని నిర్ణయించుకొని ఊరిని కాపాడుకొన్నారు. అటువంటి ఊరు కొండవీటి దారిలో ఒక్కటీ లేదు. ఈ తేడాను మన అశ్రద్ధకు మాత్రమే అంటగట్టడం సరికాదు. నాకసెండో ప్రభుత్వం నిలిపిన అధికార మార్గం. ప్రభువుల ఊరేగింపుల కోసం, వార్తాహరుల కోసం ఒక్కో మజిలీలో సత్రాలను, కూలీలను, గుఱ్ఱాలను నిర్బంధంగా సమకూర్చిన వ్యవస్థ అది. కొండవీటి దారి ఎద్దుల దారి. ఎద్దు రాత్రి ఆరుబయట పడుకొంటుంది, దాని యజమాని కంట్లాలను గోడగా పేర్చుకొని వాటి నడుమ పడుకొంటాడు. తెల్లవారి అతడు కదిలిపోతే అక్కడ మిగిలేది పొయ్యి మసి. కట్టడం లేకపోవడం దారి లేకపోవడానికి నిదర్శనం కాదు. మన వారసత్వ పరిరక్షణ భావన కట్టడం చుట్టూ అల్లుకొన్నంత కాలం ఇటువంటి దారులు దాని చూపుకు ఆనవు.

రేవులు మారినా దారి మారలేదు

కొండవీడు 1515లో శ్రీకృష్ణదేవరాయల వశమై, ఆ శతాబ్ది చివరి దశకాలలో గోలకొండ సుల్తానుల అధీనమయ్యేనాటికి మోటుపల్లి ప్రాభవం తగ్గింది. మచిలీపట్నం, నిజాంపట్నం ముందుకు వచ్చాయి. ఐరోపావారు పెటపోలి అని రాసుకొన్న రేవు నిజాంపట్నమే. ఆంగ్లేయుల గ్లోబ్ ఓడ 1611లో అక్కడ ఆగింది. డచ్చివారు అంతకు ముందే వచ్చి ఉన్నారు. వారికి కావలసింది అద్దకపు బట్ట. ఎఱ్ఱరంగునిచ్చే చిరివేరు ఈ తీరపు ఇసుకనేలలో నాణ్యంగా పెరిగేది. పలనాటి వైపు కృష్ణా తీరాన కొల్లూరు వజ్రపు గనులు వెలిశాయి. ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే ఆ గనిలో అరవైవేల మంది పనిచేస్తున్నారని రాశాడు. అంకెలో అతిశయోక్తి ఉన్నా, అంతమందికి తిండిగింజలూ, ఉప్పూ ఎలా చేరాయన్న ప్రశ్న మాత్రం తప్పదు. పలనాటి మెట్టనేల వారిని పోషించలేదు.

ఆ తవెర్నియే రాతలలోనే మోతగాళ్ళు చివరికి కనిపిస్తారు. పదివేలు, పన్నెండువేల ఎద్దుల గుంపులు ఎదురైతే బాటసారి రెండు మూడు రోజులు దారి ప్రక్కన ఆగిపోవలసి వచ్చేదని, ఆ గుంపులు భార్యాబిడ్డలతో సహా జీవితమంతా నడకలోనే గడిపేవని, ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు అనే నాలుగు సరుకులను నాలుగు తెగలు విడివిడిగా మోసేవని అతడు వివరించాడు. ఉత్తర భారతంలో పీటర్ మండీ 1632లో పధ్నాలుగువేల ఎద్దుల తండాను చూసినట్లు రాశాడు. ఒక్కో ఎద్దు మోసేది క్వింటాలుకు అటూ ఇటూ. ఆ లెక్కన ఒక పెద్ద తండా ఒక్క ప్రయాణంలో నేటి వందకు పైగా లారీల సరుకును కదిలించేది. శాసనకర్తలకు, కావ్యకర్తలకు కనిపించని మనుషులు పరదేశ వర్తకుడికి కనిపించడానికి కారణం అతని ఔదార్యం కాదు. వాళ్ళు అతని దారికి అడ్డం వచ్చారు.

ఉప్పు పడమరకు, ప్రత్తి తూర్పుకు

మధ్యయుగపు చీనా పట్టు, చీని కర్పూరం గురించి చెప్పుకోవడం ఆకర్షణీయమే. కాని ఈ దారిని శతాబ్దాల పాటు నిలిపినది విలాస వస్తువులు కావు, ఉప్పు. చినగంజాం, పెదగంజాం ప్రాంతపు ఉప్పుమళ్ళ నుండి ఉప్పు పడమరకు పోయేది. దక్కను పీఠభూమి మీద మనిషికి, పశువుకు అది తప్పనిసరి. తిరుగు దారిలో ధాన్యం, ప్రత్తి వచ్చేవి. బీరారు ప్రత్తి లంబాడీల ఎద్దుల మీద వందల మైళ్ళు నడిచి ఉత్తర సర్కారుల సాలెవాడలకు చేరేదని కంపెనీ కాలపు రికార్డులు నమోదు చేశాయి. గుంటూరు సీమ రేగడిలోనే ప్రత్తి పండుతుండగా బీరారు నుండి ప్రత్తి రావడం వింతగా తోచవచ్చు. ఉప్పు మోసుకొనిపోయిన ఎద్దు ఉత్తచేతులతో తిరిగిరాదన్నదే సమాధానం. రెండువైపులా సరుకు ఉంటేనే మోత గిట్టుబాటు. ఈ జంటలో ఒకటి తెగితే రెండవది నిలవదు. 19వ శతాబ్దిలో జరిగింది అదే.

లంబాడీలది దూరపు మోత. వారితో పాటు ఎరుకలు ఉన్నారు. ఎరుకలలో ఉప్పు ఎరుకలు అనే ఉపశాఖ పేరే వారి వృత్తిని చెబుతుంది. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకొని, సంతకు రాని ఊళ్ళకూ, కొండ అంచు పల్లెలకూ చేరవేసి, ధాన్యంతో మారకం చేసుకొనేవారు. మహావర్తకం రేవు నుండి రాజధానికి పోతే, ఈ చిన్న వర్తకం ఇంటి గడప దాకా పోయేది.

గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. మద్రాసు ప్రభుత్వం 1805లో ఉప్పును తన గుత్తాధిపత్యంలోకి తీసుకొంది. ఆనాటి దారుల స్థితిగతులకు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర అమూల్యమైన ఆకరం. 1830 మే 18న మద్రాసు నుండి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఆయన, తిరుగు ప్రయాణంలో తీరమార్గాన నెల్లూరు మీదుగా మద్రాసు వెళ్ళాడు. ఊరూరా ఇళ్ళు, అంగళ్ళు, నీటి వసతి రాసుకొన్న ఆ పద్ధతి మజిలీల చరిత్రకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఆయన నడిచి వెళ్ళలేదు, బోయీలు మోసిన పల్లకిలో వెళ్ళాడు. అయినా బోయీల అలసటనూ, కూలినీ పట్టించుకొన్న యాత్రికుడు ఆయన.

ఆ దారిన ఆయన పోయిన మరుసటి ఏడే గుంటూరు కరువు విరుచుకుపడింది. నందననామ సంవత్సరపు ఆ కరువును జనం డొక్కల కరువు అన్నారు. 1832-33లో గుంటూరు జిల్లా అయిదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షల మంది మరణించారన్నది ప్రసిద్ధమైన అంచనా. బ్రతికిన వారెందరో అన్నం కోసం మద్రాసు దారి పట్టి ఆ దారిలోనే కూలిపోయారు. కరువులో మొదట చచ్చేది మోత ఎద్దు. మేత లేని దారిన బిడారు నడవదు. ధాన్యం మరొకచోట ఉన్నా కరువు సీమకు చేరదు. రవాణా వ్యవస్థకు ప్రాణాధారమైన పశువే కరువుకు తొలి బలి కావడం ఆ వ్యవస్థలోని విషాదకరమైన బలహీనత. దీనిని దాచి పాత దారిని స్వర్ణయుగంగా చిత్రించడం నిజాయితీ అనిపించుకోదు.

1844లో మద్రాసు ప్రభుత్వం అంతర్గత రవాణా సుంకాలను రద్దు చేసింది. ఊరూరా సాయరు చెల్లించవలసిన బాధ వర్తకుడికి తప్పింది. ఆ ఆదాయ నష్టాన్ని పూడ్చడానికి ఉప్పు ధర పెంచింది. దారి స్వేచ్ఛ పొందిన ఏడాదే, ఆ దారిన నడిచే ముఖ్యమైన సరుకు ప్రియమైంది. పెద్ద వర్తకుడికి ఒరిగిన లాభాన్ని ఉప్పు ఎరుక చెల్లించాడన్నమాట.

కాలువ, రైలు, చట్టం

బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు పారుదలకే గాక పడవలకూ దారి ఇచ్చాయి. మద్రాసు నుండి తీరం వెంబడి సాగిన బకింగ్‌హాం కాలువ పెదగంజాం వద్ద కొమ్మమూరు కాలువతో కలిసింది. ఉప్పుమళ్ళ ప్రక్కకే పడవ వచ్చి నిలిచింది. తరువాత రైలు. గుంతకల్లు నుండి వినుకొండ, నరసరావుపేట, గుంటూరుల మీదుగా బెజవాడ వైపు మీటరుగేజి మార్గం 1890 నాటికి నడిచింది. మద్రాసు–బెజవాడ తీరమార్గం 1899లో పూర్తయింది. ఒక మార్గం పడమటి ఊళ్ళను కలిపింది, మరొకటి తీరపు ఊళ్ళను కలిపింది. వాటి నడుమనున్న అద్దంకి, కొండవీడు, చిలకలూరిపేట ఆ రైలు పటంలో లేవు. ఏ ఊళ్ళ మీదుగా సరుకు రేవుకు చేరిందో ఆ ఊళ్ళే రైలుకు దూరమయ్యాయి.

పని పోయిన మోతగాళ్ళ మీద వలస ప్రభుత్వపు చూపు మారింది. తిరుగుతూ ఉండటమే వారి వృత్తి. వృత్తి పోయాక తిరగడం మాత్రం మిగిలింది. స్థిరనివాసం లేనివాడిని అనుమానించే పాలనకు అది నేరంగా కనిపించింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం స్థానంలో 1911లో వచ్చిన కొత్త చట్టం మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. దాని కింద సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో బాపట్ల, చీరాలల నడుమ ఎరుకల కోసం ఒక సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేర అది స్టూవర్టుపురమైంది. అక్కడివారికి హాజరు పట్టీ ఉండేది. అనుమతి చీటీ లేనిదే ఊరు దాటకూడదు. చీరాల పొగాకు కర్మాగారానికి సెటిల్‌మెంటు మనుషులు కూలీలయ్యారు. మీనా రాధాకృష్ణ తన డిజానర్డ్ బై హిస్టరీ గ్రంథంలో ఈ క్రమాన్ని వివరంగా చర్చించారు. ఉప్పు విధానం, రైళ్ళు, అటవీ చట్టాలు, కరువులు కలిసి ఒక వర్తక సముదాయాన్ని ఎలా ఛిద్రం చేశాయో, ఆ ఛిద్రమైన బ్రతుకునే నేరస్వభావానికి సాక్ష్యంగా ఎలా చూపారో ఆమె నిరూపించారు.

తెలుగునాట స్టూవర్టుపురం పేరు వినగానే స్ఫురించేది దొంగతనం. 1990 దశకం ఆరంభపు తెలుగు సినిమాలు ఆ ముద్రను ఇంటింటికీ చేర్చాయి. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది. పేరు మీద పడిన మచ్చను రద్దు చేసే చట్టం లేదు. మోటుపల్లి శాసనాన్ని పాఠ్యపుస్తకంలో సగర్వంగా చదివే విద్యార్థి, అదే పుస్తకంలో స్టూవర్టుపురం మాట ఎదురైతే దానిని వేరే అధ్యాయంగా, బహుశా సంఘ సంస్కరణ అధ్యాయంగా చదువుతాడు. ఇవి రెండూ ఒకే దారికి చెందిన రెండు పత్రాలు. మొదటిది సముద్రం మీద సరుకుకు ఇచ్చిన అభయం. రెండవది నేల మీద ఆ సరుకు మోసినవారి వంటివారికి వేసిన కట్టడి.

నేతపని చరిత్రలోనూ ఈ దారి జాడ కనిపిస్తుంది. చీరాల తేలియా రుమాలు అరబ్బు దేశాల దాకా ఎగుమతి అయింది. ఆ నూలును ముడివేసి రంగద్దే పనితనం 20వ శతాబ్ది తొలి దశకాలలో చీరాల నుండి కృష్ణకు ఆవల నల్లగొండ సీమకు, పుట్టపాక వంటి ఊళ్ళకు పాకింది. చేతిపని ఎప్పుడూ మనుషులతోనే నడుస్తుంది. అది పోయిన దిక్కు, ఉప్పు పోయిన దిక్కు ఒకటే.

టిక్కీలు, ముఠాలు

నేడు సరుకు నడక తిరగబడింది. మాచర్ల, వినుకొండ, దర్శి వైపుల నుండి మిరపకాయలు లారీల మీద గుంటూరు యార్డుకు చేరుతాయి. గోనెసంచి పేరు టిక్కీ. మోసేవారి జట్టు పేరు ముఠా. పెరిక, బిడారు అనే పాత పదాల స్థానంలోకి ఈ రెండు పదాలు వచ్చాయి. ఇవి నిఘంటువులకు ఎక్కవలసిన అవసరం ఉంది. మోత పదాలను మోత ఆగాక సేకరించడం మన కోశకారులకు అలవాటు.

ప్రత్తి సంగతి వేరు. ఈ రేగడిలో 1987-88లో తెల్లదోమ దెబ్బకు పంట పోయి, అప్పులు తీర్చలేక ప్రకాశం, గుంటూరు జిల్లాల ప్రత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకొన్నారు. ప్రత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రంలో చర్చకు వచ్చిన తొలి సందర్భాలలో అది ఒకటి. సముద్ర ప్రమాదంలో సర్వస్వం పోగొట్టుకొన్న వర్తకుని గూర్చి గణపతిదేవుని శాసనం మాట్లాడింది. నేల మీద సర్వస్వం పోగొట్టుకొన్నవారికి అటువంటి అభయవాక్యం ఏ స్తంభం మీదా కనిపించదు.

తీరమార్గపు రైలులో బాపట్ల నుండి దక్షిణంగా పోయే ప్రయాణికునికి మొదట స్టూవర్టుపురం స్టేషను తగులుతుంది. తరువాత చీరాల, వేటపాలెం. ఇంకొంత దూరం పోయాక రైలు చినగంజాంలో ఆగుతుంది. దానికి సమీపంలోనే మోటుపల్లి వీరభద్రాలయం, ఆ శాసనస్తంభం ఉన్నాయి. స్టేషను చుట్టుపక్కల ఉప్పుమళ్ళలో ఇప్పటికీ ఉప్పు పండుతుంది. వేసవి వస్తే మళ్ళ గట్ల మీద తెల్లని కుప్పలు రైలు కిటికీ నుండే కనిపిస్తాయి.